ఒక్క రోజులో వైజాగ్: ఏయూలో చదివే ఫ్రెండ్‌ని చూడటానికి వస్తుంటే

మీ ప్రశ్న చదవగానే ముందు మీ లిస్టులో ముప్పాతిక భాగం కొట్టేశాను, ఏమీ అనుకోకండి. రాజమండ్రి నుంచి పొద్దున వచ్చి రాత్రికి తిరిగి వెళ్లిపోవాలి, ఇంటర్ నుంచి కలిసి చదువుకున్న స్నేహితురాలు ఏయూలో (ఆంధ్ర యూనివర్సిటీలో) జియాలజీ పీహెచ్‌డీలో చేరింది, తనతో కలిసి అరకు, బొర్రా గుహలు, సింహాచలం, కైలాసగిరి, సబ్‌మెరైన్, ఎర్రమట్టి దిబ్బలు, భీమిలి ఏ వరసలో చూస్తే బాగుంటుంది, హాస్టల్లోకి రానిస్తారా, ఏం పట్టుకెళ్లాలి, ఏ రోజు రావాలి అని అడిగారు. నేను ఏయూలోనే చదివి ఇదే ఊళ్లో స్థిరపడ్డవాణ్ణి, చుట్టాలకీ స్నేహితులకీ ఊరు చూపించడం మా ఇంట్లో నా డ్యూటీ, కాబట్టి కాస్త పొడుగ్గానే చెబుతాను.

అరకు, బొర్రా సంగతి ముందు తేల్చేద్దాం. అరకు ఇక్కడికి 110 కిలోమీటర్ల పైమాటే, అందులో చివరి భాగమంతా ఘాట్ రోడ్డు. రైలు అందం రైలుదే, సొరంగాలూ లోయలూ అన్నీ నిజమే, కానీ అది పొద్దున్నే బయలుదేరుతుంది, మీరు రాజమండ్రి నుంచి దిగేసరికి వెళ్లిపోయి ఉంటుంది. కారు మాట్లాడుకుని వెళ్లినా ఎనిమిది గంటలు సీట్లోనే గడిచిపోతాయి, అందులో సగం సేపు ఎవరో ఒకరు కడుపులో తిప్పుతోందని కిటికీ పక్కన కూర్చుంటారు. దానికి వేరే రెండు రోజులు పెట్టుకోండి. సింహాచలం కూడా అంతే, వారాంతంలో క్యూ ఎంతుంటుందో అప్పన్నకే తెలియాలి, దర్శనం కోసమే వచ్చేటట్టయితే వేరే మాట. కైలాసగిరి మీద నుంచి తీరం బాగా కనిపిస్తుంది గానీ, మీరు రోజంతా ఆ తీరం వెంబడే ఉండబోతున్నారు, పైకెక్కి మళ్లీ చూడాల్సిన పని లేదు.

మీరు వస్తున్నది ఒక మనిషిని చూడటానికి. వైజాగ్‌లో ఉన్న అదృష్టం ఏమిటంటే క్యాంపస్ నుంచి వాలు దిగితే సముద్రం, సముద్రం పక్కనే రోడ్డు, ఆ రోడ్డు పట్టుకుని పోతే భీమిలి. అంతా ఒకే గీత మీద ఉంటుంది. ఆ గీత దాటకుండా రోజు గడపండి, మాట్లాడుకోవడానికి టైమ్ దానంతటదే దొరుకుతుంది.

ఏ రోజు రావాలంటే, వీలైతే పనిదినం. అందరూ ఆదివారమే అంటారు కానీ ఆదివారం డిపార్ట్‌మెంట్లకి తాళాలుంటాయి, తను పనిచేసే చోటు చూడలేరు. పీహెచ్‌డీ చేసేవాళ్ల జీవితమంతా ఒక టేబులు, ఒక మైక్రోస్కోపు, రాళ్ల ముక్కలు పెట్టిన ట్రేలూ, పేర్లు రాసి అంటించిన కవర్లూ, అక్కడే ఉంటుంది. హాస్టల్ గది కంటే అది చూస్తేనే తను ఏం చేస్తోందో మీకు అర్థమవుతుంది, తనకీ చూపించాలని ఉంటుంది, అడిగితే గానీ బయటపడరు. అయితే సోమవారం మాత్రం వద్దు, ఆరోజు సబ్‌మెరైన్ మ్యూజియానికి సెలవు.

ఇప్పుడు రైలు. రత్నాచల్ సౌకర్యంగానే ఉంటుంది గానీ అది వైజాగ్ చేరేసరికి మధ్యాహ్నం అవుతుంది, మీ ఒక్క రోజులో సగం అనకాపల్లికే అయిపోతుంది. హైదరాబాద్ వైపు నుంచి రాత్రి బయలుదేరే బళ్లు మీకు అర్ధరాత్రి దాటాక, తెల్లవారుజామున తగులుతాయి. వాటిలో ఎనిమిది, తొమ్మిదికల్లా ఇక్కడికి చేర్చేది చూసి రిజర్వేషన్ చేయించుకోండి, నిద్ర ఎలాగూ ఉండదు, ఒక బెర్త్ అయినా ఉంటే నడుం వాల్చొచ్చు. ఒక్క జాగ్రత్త, టికెట్టు తీసేటప్పుడు ఆ బండి విశాఖపట్నం స్టేషన్‌కి వస్తుందో లేదో చూసుకోండి. మా స్టేషన్‌లోకి వచ్చిన బండి ముందుకు పోవాలంటే ఇంజను అటునుంచి ఇటు మార్చాలి, ఆ బాధ లేకుండా హౌరా వైపు పోయే కొన్ని బళ్లు ఊళ్లోకి రాకుండా దువ్వాడ నుంచే పక్కకి తిరిగిపోతాయి. దువ్వాడలో దిగితే ఊళ్లోకి ఇంకా బోలెడు దూరం, స్టీల్ ప్లాంటు, గాజువాక ట్రాఫిక్ అంతా దాటుకుని రావాలి.

స్టేషన్‌లో ఒకటో నంబరు ప్లాట్‌ఫాం వైపు బయటకి రండి. ఇంకో పక్క జ్ఞానాపురం గేటు, అటు వచ్చారంటే ఊరికి ఎదురు దిక్కున తేలతారు. అక్కణ్ణుంచి యూనివర్సిటీ ఐదు కిలోమీటర్లు ఉంటుంది. స్టేషన్ బయట ఆటోవాళ్లు మొహం చూసి రేటు చెబుతారు కాబట్టి ఫోన్లో యాప్ తీసి బుక్ చేసుకోవడం నయం, లేదంటే సిటీ బస్సు. మీరు ఆంధ్రాలోనే ఉంటున్నారు కాబట్టి ఆధార్ దగ్గర పెట్టుకోండి, స్త్రీశక్తి పథకం కింద 2025 ఆగస్టు 15 నుంచి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకి టికెట్ లేదు. రోజంతా మీ ఇద్దరి తిరుగుడూ దాదాపు ఫ్రీ అన్నమాట.

ఎక్కడ కలవాలో మాత్రం ముందే గట్టిగా మాట్లాడుకోండి. 'క్యాంపస్ గేటు దగ్గర ఉంటాను' అంటే ఇక్కడ అర్థం లేదు. ఇన్‌గేటు వేరు, అవుట్‌గేటు వేరు, రెండూ బస్టాపుల పేర్లే. సౌత్ క్యాంపస్ సిరిపురం వైపు, ఇంజనీరింగ్ కాలేజీ ఉండే నార్త్ క్యాంపస్ మద్దిలపాలెం వైపు. ఫోన్లో 'నేను గేటు దగ్గరే ఉన్నానే, నువ్వెక్కడున్నావే' అని ఇద్దరూ చెరో గేటు దగ్గర నిలబడి అరుచుకునే జంటలు ప్రతి అడ్మిషన్ సీజన్‌లోనూ కనిపిస్తాయి. తనని లొకేషన్ పంపమనండి, అయిపోతుంది.

టిఫిన్ సిరిపురంలోనే కానిచ్చేయండి. పెసరట్టు ఉప్మా, ఇడ్లీ, పూరీ, ఏదైనా పర్వాలేదు. ఇక్కడ అల్లం చట్నీ మీ గోదావరి వైపు కంటే తీపి తక్కువ, అది ముందే చెబుతున్నాను. తిని పది లోపే క్యాంపస్‌లోకి వెళ్లిపోండి, పదకొండు దాటితే చెమటకి నడవలేరు. చలికాలంలో కూడా ఇక్కడ ఎండ కంటే ఉక్కే ఎక్కువ.

క్యాంపస్‌లో ఏముంది చూడటానికి అంటారేమో. ఇదేమీ టికెట్టు పెట్టి చూపించే కోట కాదు. కథ తెలిసి నడిస్తేనే పాత బిల్డింగులు ఏమైనా చెబుతాయి, అందుకని కథ కొంచెం చెబుతాను. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1926లో పుట్టింది, అంటే 2026కి నూరేళ్లు. పుట్టింది ఇక్కడ కాదు, బెజవాడలో. ఎక్కడ పెట్టాలన్న దాని మీద అప్పట్లో పెద్ద పేచీ నడిచింది, మీ రాజమండ్రి పేరు కూడా గట్టిగానే వినిపించింది. చివరికి 1930లో వాల్తేరుకి, అంటే ఇక్కడికి, వచ్చి కుదురుకుంది. (మీ ఊరికి సొంత విశ్వవిద్యాలయం రావడానికి 2006లో నన్నయ యూనివర్సిటీ పెట్టేదాకా ఆగాల్సి వచ్చింది, ఆ కోపం ఇప్పుడు నా మీద చూపించకండి.) మొదటి వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి గారు. సత్యాగ్రహుల మీద బ్రిటిష్ సర్కారు చేస్తున్న దమనకాండకి నిరసనగా 1930లో రాజీనామా ఇచ్చేసిన మనిషి, తర్వాత 1936లో మళ్లీ వచ్చి 1949 దాకా నడిపారు. మధ్యలో 1931 నుంచి 1936 వరకు సర్వేపల్లి రాధాకృష్ణన్. ఆ ఐదేళ్లలో ఆయన ఎక్కడెక్కణ్ణుంచి మనుషుల్ని పట్టుకొచ్చారో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. ఫిలాసఫీకి హుమాయూన్ కబీర్, చరిత్రకి హిరేన్ ముఖర్జీ, ఫిజిక్సుకి సి.వి. రామన్ శిష్యుడు సూరి భగవంతం, కెమిస్ట్రీకి టి.ఆర్. శేషాద్రి. అప్పటికి వాల్తేరు అంటే నాలుగు బంగళాలూ, తాటిచెట్లూ, ఎర్రటి నేలా. 1933లో రవీంద్రనాథ్ టాగోర్ వచ్చి ఇక్కడ ఉపన్యాసాలిచ్చారు, అదే సంవత్సరం ఊళ్లో హార్బరు తెరిచారు. ఒకే ఏడాదిలో ఊరికి ఓడలూ వచ్చాయి, టాగోరూ వచ్చాడు.

డబ్బు సంగతికొస్తే ఇప్పటి ఒడిశాలో ఉన్న జయపూరు మహారాజా విక్రమదేవ వర్మ గారి పేరు తలుచుకోకుండా ఉండలేం. సైన్స్ కాలేజీకి ఏటా లక్ష రూపాయలు, అదీ ఆ రోజుల్లో లక్ష. సైన్స్ కాలేజీకి జయపూరు పేరు ఊరికే రాలేదు. స్టాటిస్టిక్స్‌లో ప్రపంచం మొత్తం చెప్పుకునే సి.ఆర్. రావు గారు లెక్కల్లో ఎంఏ చేసింది ఇక్కడే. మీ ఫ్రెండ్‌ని తన డిపార్ట్‌మెంట్ వైపు తీసుకెళ్లమన్నప్పుడు ఈ పేర్లు గుర్తుంచుకోండి, ఎక్కడో ఒక చోట ఫోటోలో, బోర్డు మీద తగులుతాయి.

చెట్ల గురించి ఒక మాట. పాత విద్యార్థులెవరైనా క్యాంపస్ అంటే నీడ అని వర్ణిస్తారు, మీరొచ్చి చూస్తే అంత నీడ కనిపించకపోవచ్చు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను ఈ ఊరి మీదే తీరం దాటింది. ఒక్క పూటలో క్యాంపస్‌లో పెద్ద చెట్లు ఎన్ని పడిపోయాయో లెక్కలేదు, మర్నాడు రోడ్డేదో కొమ్మలేవో తెలియలేదు. ఇప్పుడున్న చాలా చెట్లు ఆ తర్వాత నాటినవి. మధ్యమధ్యలో వంకరగా నిలబడి, ఒక పక్క మాత్రమే కొమ్మలున్న ముసలి చెట్లు కనిపిస్తే అవి ఆ గాలికి తట్టుకున్నవని అనుకోండి.

లైబ్రరీ, అంటే డాక్టర్ వి.ఎస్. కృష్ణా లైబ్రరీ, లోపలికి వెళ్లి చూడగలిగితే చూడండి. బయటివాళ్లకి అనుమతి కావాలి, తన ఐడీ కార్డు మీద అడిగి చూడమనండి, ఒప్పుకోకపోతే బయట మెట్ల మీద కూర్చున్నా నష్టం లేదు, అసలు చదువు కంటే ఎక్కువ కబుర్లు నడిచేది అక్కడే. హాస్టల్ విషయం కూడా ఇలాంటిదే. అమ్మాయిల హాస్టల్లో గది దాకా బయటివాళ్లని రానివ్వరనే అనుకుని రండి, విజిటర్స్ కూర్చునే చోటు వరకే. మొహం కడుక్కోవాలి, బ్యాగు పెట్టుకోవాలి అంటే ముందు రోజే వార్డెన్‌ని అడిగి ఉంచమనండి. అప్పటికప్పుడు గేటు దగ్గర బతిమాలుకుంటే వాచ్‌మన్ గారికీ ఇబ్బంది, మీ ఫ్రెండ్‌కి అంతకంటే ఇబ్బంది, తను రేపు కూడా ఆ గేటులోంచే వెళ్లాలి కదా.

ఏం పట్టుకెళ్లాలంటే తినేవి పట్టుకెళ్లండి. రాజమండ్రి రోజ్ మిల్క్ ప్రయాణానికి ఆగదు. ఆత్రేయపురం పూతరేకులు ఆగుతాయి, అడుగున నలిగిపోకుండా చేతిలో పట్టుకోవాలంతే. తాపేశ్వరం కాజా కూడా మంచిదే. అన్నిటికంటే ముఖ్యం మీ అమ్మగారి చేతి ఆవకాయో, కందిపొడో, కరివేపాకు పొడో. హాస్టల్ మెస్‌లో తినే మనిషికి అర కిలో కందిపొడి అంటే నెల రోజుల భరోసా. పక్క గదివాళ్లు కూడా తింటారు కాబట్టి అర కిలో కాదు, కిలో తెండి. స్వీట్లు రూములో ఆ రాత్రికే అయిపోతాయి, పొడి మాత్రం దాచుకుంటారు.

మధ్యాహ్నం భోజనం ఎక్కడ అన్నది తనకే వదిలేయండి. ప్రతి స్కాలరుకీ ఒక మెస్సు, ఒక బిర్యానీ పాయింటు, జ్వరమొస్తే పెరుగన్నం తెప్పించుకునే ఒక కొట్టు ఉంటాయి. అక్కడికి తీసుకెళ్లమనండి. చేపలు తింటారా, అయితే వంజరం వేపుడు చెప్పండి, సముద్రం పక్కన ఉండి చికెన్ తినడం నాకు నచ్చదు, అది నా పట్టుదల. బిల్లు మీరు ఇవ్వండి, వాదన పెట్టుకోనివ్వకండి. ఇంకొకటి, దయచేసి 'ఇంకా ఎన్నేళ్లు పడుతుంది?' అని అడగొద్దు. అది తన గైడూ అడుగుతాడు, ఇంట్లోవాళ్లూ అడుగుతారు, పెళ్లిళ్లలో ముక్కూ మొహం తెలియని పెద్దమ్మలూ అడుగుతారు. మీరు 'ఇప్పుడు ఏ రాయి మీద పని చేస్తున్నావు?' అని అడగండి, గంటసేపు ఆగకుండా చెబుతుంది.

ఆ మాటకొస్తే మీ ఫ్రెండ్ జియాలజీ కావడం మీ అదృష్టం, ఎందుకంటే ఈ ఊరు జియాలజీ వాళ్లతో తిరిగితే వేరేగా కనిపిస్తుంది. ఏయూలో ఆ డిపార్ట్‌మెంట్‌కి పేరు తెచ్చిన సి. మహదేవన్ గారు కూడా రామన్ శిష్యుడే. 1950లలో లాఫాండ్ అనే అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త ఇక్కడికి వచ్చి, ఏయూ వాళ్లతో కలిసి నేవీ ఓడ మీద బంగాళాఖాతంలోకి వెళ్లి అడుగుభాగం కొలిచారు. తీరానికి ఆవల నీళ్ల కింద పెద్ద పెద్ద లోయలున్నాయని తేలింది, వాటికి ఆంధ్ర, మహదేవన్, కృష్ణ అని పేర్లు పెట్టారు. బీచ్‌లో కూర్చుని చూస్తే అటు నీళ్లు తప్ప ఏమీ కనిపించవు, కానీ ఆ నీళ్ల అడుగున మన యూనివర్సిటీ పేరుతో ఒక లోయ ఉంది.

అందుకే మధ్యాహ్నం తర్వాత మీ లిస్టులోంచి ఒక్కటి మాత్రమే ఉంచుతాను, ఎర్రమట్టి దిబ్బలు. భీమిలి వెళ్లే బీచ్ రోడ్డులో, ఊరి నుంచి ఇరవై కిలోమీటర్ల పైన. 900కె బస్సు ఆ రోడ్డు మీదే భీమిలి పోతుంది, కిటికీ సీటు సముద్రం వైపు, అంటే వెళ్లేటప్పుడు కుడివైపు పట్టుకోండి. మూడుకల్లా బయలుదేరండి. ఇద్దరికీ ఓపిక లేకపోతే కారు బుక్ చేసుకోవచ్చు గానీ, దిబ్బల దగ్గర తిరుగు బండి దొరకడం కష్టం, అదే కారుని వెయిటింగ్‌లో ఉంచుకోండి.

దూరం నుంచి చూస్తే జీడితోటల మధ్య ఎర్రటి నేల, అంతే. లోపలికి నాలుగడుగులు వేస్తే నేల ఒక్కసారిగా చీలిపోయి, వాన నీళ్లు కోసేసిన సందుల్లోకి దిగిపోతారు, రెండు పక్కలా ఎర్రటి గోడలు. చేత్తో ముట్టుకుంటే తెలుస్తుంది, అది మట్టి కాదు, ఇసుక. వేల ఏళ్ల కిందట సముద్రం ఇప్పటి కంటే వెనక్కి తగ్గి ఉన్నప్పుడు గాలి ఎగరేసుకొచ్చి పోసిన ఇసుక, రేణువుల మీద ఐరన్ ఆక్సైడ్ పొర పట్టి ఎర్రబడింది. కింద పసుపు ఛాయలో, మధ్యలో ఎక్కడో రాయిలా బిగిసిన గడ్డలు. ఇలాంటివి మన దేశంలో తమిళనాడు తీరంలో ఉన్నాయి, అటు శ్రీలంకలో ఉన్నాయి, అంతకంటే పెద్దగా చెప్పుకోవడానికి లేవు. జీఎస్ఐ, అంటే కేంద్ర ప్రభుత్వ భూగర్భ సర్వే సంస్థ, దీన్ని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది, 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలో కూడా చేరింది. సినిమా పాటలకీ, ప్రీ వెడ్డింగ్ షూట్లకీ వచ్చేవాళ్లు ఫోటోలు దిగి పోతారు. మీకు మాత్రం పక్కన గోడ చూపించి 'ఇక్కడ చూడు, ఈ చార ఎందుకు వాలుగా ఉందో తెలుసా' అని చెప్పే మనిషి ఉంటుంది. ఇన్నాళ్లూ ఫోన్లో 'ఫీల్డ్ వర్క్‌కి వెళ్లాను' అంటే ఏమిటో మీకు అక్కడ కళ్లారా కనిపిస్తుంది. మామూలు చెప్పులు వద్దు, షూస్ వేసుకోండి. గోడలెక్కకండి, అంచుల మీద నిలబడి సెల్ఫీలు వద్దు, అది ఇసుకే కాబట్టి ఎప్పుడు విరుగుతుందో తెలియదు. సీసాలో ఎర్ర ఇసుక నింపుకుని ఇంటికి తేవడం కూడా వద్దు, మీ ఫ్రెండే ముందు తిడుతుంది. వానాకాలంలో, తుఫాను హెచ్చరిక ఉన్నప్పుడు అసలు వెళ్లొద్దు.

అంత దూరం వద్దు, కాళ్లు లాగుతున్నాయి అంటే అప్పుడు సబ్‌మెరైన్. దాని పేరు కురుసురా, పనిదినాల్లో మధ్యాహ్నం నుంచే తెరుస్తారు, అదీ మీకు సరిపోతుంది. 1969లో నేవీలో చేరి, 1971 యుద్ధంలో తిరిగి, 2001లో రిటైరై, 2002 నుంచి ఇసుక మీద కూర్చున్న అసలు జలాంతర్గామి అది, బొమ్మ కాదు. 91 మీటర్ల పొడవున్న గొట్టంలో డెబ్భై మందికి పైగా మనుషులు నెలల తరబడి ఎలా బతికారో, ఒక గదిలోంచి ఇంకో గదిలోకి గుండ్రటి తలుపులో కాలు ముందు పెట్టి వంగి దూరేటప్పుడు అర్థమవుతుంది. లోపల చూపించేవాళ్లు నేవీలో పనిచేసి రిటైరైనవాళ్లు, ఆగి అడిగితే బోర్డు మీద లేనివి చెబుతారు. ఊపిరాడనట్టు ఉండే ఇరుకు చోట్లంటే టెన్షన్ పడే వాళ్లయితే మాత్రం ఎదురుగా మ్యూజియంగా పెట్టిన నేవీ విమానం టీయూ 142 చూడండి. దగ్గరలోనే విశాఖ మ్యూజియం ఉంది, పాత డచ్చి బంగళాలో. అక్కడ 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు ఈ ఊరి మీద వేసిన బాంబుల్లో పేలని దాన్ని పెట్టారు. ఆ బాంబుల దెబ్బకే యూనివర్సిటీ మూటాముల్లె సర్దుకుని గుంటూరు వెళ్లి, యుద్ధం అయ్యాక గానీ వాల్తేరుకి తిరిగి రాలేదు. పొద్దున చూసిన క్యాంపస్ కొన్నేళ్లు మిలిటరీ చేతిలో ఉండిందని అప్పుడు గుర్తొస్తుంది.

దిబ్బలూ సబ్‌మెరైనూ రెండూ ఒకే రోజు పెట్టుకోవద్దు. పెట్టుకుంటే రెండిటి మధ్యా బస్సు కోసం పరుగులు పెట్టడం తప్ప మాటలు ఉండవు.

సాయంత్రానికి ఎటు నుంచి వచ్చినా ఆర్కే బీచ్. 'సముద్రంలో సూర్యాస్తమయం చూడాలి' అని మీరు రాశారు, అది ఇక్కడ కుదరదండీ. మనది తూర్పు తీరం, సూర్యుడు మన వీపు వెనక, బిల్డింగుల వెనకాల దిగిపోతాడు. సముద్రం మీద రంగు మాత్రం కాసేపు మారుతుంది, చలికాలంలో ఐదున్నరకే చీకటి పడుతుంది. అంతకంటే మంచిది చెబుతాను, రాగలిగితే పౌర్ణమికి దగ్గరగా రండి, డాల్ఫిన్స్ నోస్ కొండ ఒక పక్కన, ఎదురుగా నీళ్లలోంచి చంద్రుడు లేస్తాడు.

నీళ్లలోకి మాత్రం మోకాలు దాటి దిగొద్దు. ఈ బీచ్ చూడ్డానికి సాదాగా ఉంటుంది, కానీ అడుగున వాలు ఎక్కువ, వెనక్కి లాగే అల ఎప్పుడు వస్తుందో తెలియదు, ఏటా పిల్లలు పోతూనే ఉన్నారు. పైగా హార్బరు కోసం కట్టిన గోడలు ఇసుక సహజంగా కదిలే దారికి అడ్డుపడటంతో తీరం కోసుకుపోతుంది, పోర్టు వాళ్లు డ్రెడ్జింగ్ చేసిన ఇసుక తెచ్చి ఇక్కడ పోస్తుంటారు. ఇది కూడా మీ ఫ్రెండ్ సబ్జెక్టే, అడగండి.

ఇంక తినాల్సింది మురీ మిక్చర్. బండి దగ్గర నిలబడి చూడండి, ఆ చేతి పని చూడాల్సిందే. స్టీలు గిన్నెలో మరమరాలు, మీద గుప్పెడు మిక్చరు, వేరుశెనగ పలుకులు, అప్పటికప్పుడు సన్నగా తరిగిన ఉల్లిపాయ, టమాటా, పచ్చిమిర్చి, కొత్తిమీర, ఉప్పూ కారం, పైన నిమ్మకాయ పిండి, గిన్నె అంచుకి చెంచా టకటకమని కొడుతూ రెండు తిప్పులు తిప్పి కాగితం పొట్లంలో పోసి ఇస్తాడు. వెంటనే తినేయాలి, రెండు నిమిషాలు ఆగితే మరమరాలు మెత్తబడతాయి. కారం తక్కువ కావాలంటే ముందే చెప్పండి, మధ్యలో చెబితే లాభం లేదు. ఒక్కటి కొనుక్కుని పంచుకుందామనుకోకండి, రెండోది ఎలాగూ కొంటారు.

తిరుగు ప్రయాణానికి గోదావరి ఎక్స్‌ప్రెస్ బుక్ చేయకండి, అది సాయంత్రం ఐదు ప్రాంతంలోనే బయలుదేరుతుంది, మీ సాయంత్రం మొత్తం పోతుంది. ఎనిమిది దాటాక బయలుదేరే బండి చూసుకోండి, అర్ధరాత్రికి అటూఇటూగా రాజమండ్రిలో దిగుతారు, స్టేషన్‌కి ఎవరినైనా రమ్మనండి. బీచ్ నుంచి స్టేషన్‌కి వారాంతంలో జగదాంబ దగ్గర ట్రాఫిక్ ఇరుక్కుంటుంది, గంట ముందే కదలండి. దారిలో మాడుగుల హల్వా ఒక పావు కిలో కొనండి, గోధుమపాలతో నేతిలో చేసేది, పావు కిలో చాలు, గట్టి సరుకు. కాఫీ తాగే ఇల్లయితే అరకు కాఫీ పొడి కూడా. ఫ్రెండ్ స్టేషన్ దాకా వస్తానంటుంది, రానివ్వకండి, హాస్టల్ గేటు టైమ్ దాటితే తనకి రేపు సంజాయిషీ. బీచ్ దగ్గరే తనని ముందు బస్సు ఎక్కించేసి మీరు ఆటో ఎక్కండి. ఏ నెలలో వస్తున్నారో, టికెట్ ఏ బండికి దొరికిందో రాస్తే దాన్ని బట్టి టైములు సరిచేసి చెబుతాను.